బండి కారని అరగంట

సోమవారం పొద్దున శివప్ప అనుకున్నవి చాలా మామూలు పనులు. ఎనిమిదింటికి ఇల్లు వదలడం, దారిలో మెకానిక్ తంగవేల్‌కు బండి చూపించడం, పదింటికల్లా ధర్మపురిలో కూతురి సర్టిఫికెట్ పని ముగించడం, మధ్యాహ్నానికి ఇండూరు తిరిగొచ్చి సగంలో ఆగిన గోడ పని అందుకోవడం. శివప్ప తమిళనాడులో పుట్టిపెరిగిన తెలుగు తాపీ మేస్త్రి, వయసు యాభై రెండు. దారానికి గుండు కట్టి నిలువు చూసుకోనిదే తరువాతి వరుస ఇటుక పెట్టని మనిషి. తన రోజును కూడా అలాగే పేర్చుకుంటాడు.

కూతురు తనుజ పన్నెండో తరగతి ముగించింది. సేలం కాలేజీలో సీటు వచ్చింది. బుధవారం నాడు అసలు కాగితాలన్నీ చూపించాలి. ఆ కాగితాల్లో కులం సర్టిఫికెట్ ఒక్కటే సరిగ్గా లేదు. తండ్రి పేరు శివప్ప అని ఉండాల్సిన చోట శివమ్మ అని అచ్చయింది. ఆ కాగితం ప్రకారం తనుజకు ఇద్దరు తల్లులు. దాన్ని దిద్దించడానికి శివప్ప ఇప్పటికి రెండుసార్లు తిరిగాడు. ఒకసారి సంతకం పెట్టే అధికారి సెలవులో ఉన్నాడు. ఇంకోసారి అధికారి ఉన్నాడు కానీ కంప్యూటరు పనిచేయలేదు. సోమవారం అర్జీలు తీసుకునే రోజు కాబట్టి ఇద్దరూ ఉంటారని ఎవరో చెప్పారు.

బండి సంగతి వేరు. అది ఇరవై ఆరేళ్ల నాటి రెండు స్ట్రోకుల మోటారు సైకిలు. నెల రోజులుగా పెట్రోలు కారుతోంది. తెల్లవారి చూస్తే దాని కింద అరచేయంత తడి మరక ఉంటుంది. ఎక్కడినుంచి కారుతోందో మాత్రం తెలియదు. శివప్ప అతుకుల మీద బట్టల సబ్బు రుద్దాడు, గొట్టానికి కొత్త క్లిప్పు వేశాడు, ఒకరోజు బండిని నిటారుగా నిలబెట్టి పక్కనే పీట వేసుకుని గంటసేపు చూస్తూ కూర్చున్నాడు. అతను చూస్తున్నంతసేపూ అది కారలేదు. బయలుదేరేటప్పుడు భార్య నాగవేణమ్మతో, "ఈపొద్దు ఏదో ఒకటి తేల్చుకొనే ఇంటికొస్తా" అన్నాడు. అతను అన్నది బండి గురించి. నాగవేణమ్మ పొయ్యి దగ్గర ఉండి సగమే విన్నది.

తంగవేల్ తొందరపడే మెకానిక్ కాదు. బండిని మెయిన్ స్టాండు మీద నిటారుగా నిలబెట్టించి, ముందు చుట్టూ ఒకసారి తిరిగాడు. కార్బురేటరు అడుగున ఒక చిన్న గిన్నె ఉంటుందని, ట్యాంకులోని పెట్రోలు అందులోకి దిగుతుందని, గిన్నె నిండగానే లోపలి బుడ్డి తేలి ఒక సూదిని పైకి నెట్టి దారి మూస్తుందని తండ్రి వెంట వచ్చిన తనుజకు వివరించాడు. సూది సరిగ్గా మూయకపోతే ఎక్కువైన పెట్రోలు పక్కనున్న సన్న గొట్టంలోంచి కిందికి పోతుంది. ఇంకా ట్యాంకు కింది ట్యాపు కారవచ్చు, గిన్నె అతుకులో ఉండే రబ్బరు ప్యాకింగ్ కారవచ్చు.

శివప్ప మూడూ విప్పి చూడమన్నాడు. తంగవేల్ ఒప్పుకోలేదు.

"మూడు చోట్ల కారొచ్చు మేస్త్రీ. ఏ చోటో తెలియకుండా విప్పితే నాలుగో చోట కూడా కారుతుంది."

అతని పద్ధతి ఇది. ముందు ట్యాపును పరీక్షించడానికి గొట్టం ఊడదీసి, శివప్పను దానికి వేలు అడ్డం పెట్టమన్నాడు. పెట్రోలు వేలి పక్కనుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి చొక్కాకు, చొక్కా నుంచి ప్యాంటుకు దిగింది. ట్యాపులో దోషం లేదని తేలింది. తరువాత కార్బురేటరును పొడిగా తుడిచి, అద్దం దగ్గరున్న మొహం పౌడరు డబ్బా తెచ్చి అతుకు చుట్టూ చల్లాడు. ప్యాకింగ్ కారితే పౌడరు తడుస్తుంది. సన్న గొట్టం చివర ఒక ఖాళీ నీళ్ల సీసా కట్టాడు. సూది మూయకపోతే సీసా నిండుతుంది. ఒకవేళ సూదే అయితే అలాంటిది టౌనులో కొనుక్కురమ్మని ఒక పాత సూదిని నమూనాగా ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. సీసాలో పడింది మాత్రం పారబోయొద్దన్నాడు. ఎంత పడిందో చూస్తేగానీ రోగం ఎంతదో చెప్పలేనన్నాడు.

తన బట్టల వాసన సంగతి శివప్ప అడిగాడు. టౌను చేరేలోగా గాలికి పోతుందని తంగవేల్ హామీ ఇచ్చాడు.

టౌను చేరేముందు తండ్రీకూతుళ్లు ఒక కొట్టు దగ్గర ఆగి ఇడ్లీ తిన్నారు. పరీక్ష కోసం ట్యాపు మూయకుండా, బండిని సైడ్ స్టాండు వేసి రోడ్డు వారగా వాల్చి పెట్టారు. ఇరవై నిమిషాల తరువాత వచ్చి చూస్తే పౌడరు పొడిపొడిగా ఉంది. సీసా ముప్పాతిక నిండింది. శివప్ప మొహం వికసించింది. నెల రోజుల తరువాత మొదటిసారి దొంగ దొరికాడు.

"సూదే పాపా. నేను చెప్పలే?" అన్నాడు. అతను ఎప్పుడూ చెప్పలేదు. ట్యాపు అని చెప్పాడు. తనుజ ఆ విషయం గుర్తు చేయలేదు.

వాళ్లు వెళ్లిన ఆఫీసు పేరు ఈ కథకు అవసరం లేదు. పెద్ద గేటు, లోపల వేపచెట్లు, పక్కన బండ్లు పెట్టుకునే చోటు ఉన్న సర్కారు ఆఫీసు అనుకుంటే చాలు. బండ్ల దగ్గరి కాపలాదారు సైడ్ స్టాండు వేయనివ్వలేదు. వాలిన బండి రెండు బండ్ల చోటు తింటుందని చెప్పి దగ్గరుండి మెయిన్ స్టాండు వేయించాడు. తనుజ జిరాక్సు తీయించడానికి రోడ్డు దాటి వెళ్లింది. శివప్ప సీసా విప్పి మూత బిగించాడు. దాన్ని ఎండలో వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారు. అది పోతే తంగవేల్‌కు చూపించడానికి ఏమీ ఉండదు. అర్జీ, అగ్గిపెట్టె ఉన్న గుడ్డసంచిలోనే సీసా కూడా పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

కొంతకాలం కిందట ఎవరో మనిషి విసిగిపోయి ఆ గేటు దాకా పెట్రోలు తెచ్చుకున్నాడు. సమయానికి పట్టుకున్నారు కాబట్టి ఏమీ కాలేదు. అప్పటినుంచి ప్రతి సోమవారం గేటు దగ్గర పోలీసులు సంచులు వెతుకుతారు. రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్టు ఇసుక సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు గేటు దగ్గర ఎస్సై తమిళ్‌సెల్వి ఉన్నారు. శివప్ప పది అడుగుల దూరంలో ఉండగానే ఆమె తల ఎత్తి గాలి పీల్చారు.

కానిస్టేబులు సంచిలో చేయి పెట్టి ముందు అర్జీ తీశాడు, తరువాత సీసా తీశాడు, చివరికి అగ్గిపెట్టె తీశాడు. మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టాడు. వరస చూశాక క్యూలో ఉన్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి తగ్గారు.

శివప్పకు తమిళం బాగా వచ్చు. పుట్టినప్పటినుంచి గడప దాటితే తమిళమే. కానీ భయం వేస్తే మనిషికి ఇంటి భాషే నోట్లోకి వస్తుంది. సరిగ్గా అప్పుడే రోడ్డు అవతల ఫైలు పట్టుకుని వస్తున్న తనుజ కనిపించింది. ఫైల్లోని సర్టిఫికెట్ చూపిస్తే తానెందుకు వచ్చాడో వీళ్లకు తెలుస్తుందనుకుని, దాన్ని త్వరగా తీయమని తెలుగులో గట్టిగా కేక వేశాడు.

"తీ పాపా, తీ. సీక్రం తీ!"

తమిళంలో తీ అంటే నిప్పు.

రెండు బకెట్లూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. మూడోది ఇసుక బకెట్టు అన్న విషయం అదృష్టవశాత్తు ఎవరికీ గుర్తు రాలేదు. బల్ల మీది అర్జీ కూడా తడిసి, మూడు గంటలు కూర్చుని రాయించుకున్న సిరా అక్షరాలు నీలంగా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. క్యూలో నలుగురు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

శివప్పను లోపలి గదిలో కూర్చోబెట్టి తువ్వాలు కప్పారు. అధికారి తన కుర్చీ వదిలి స్వయంగా వచ్చాడు. ఆయన ఆ ఆఫీసుకు వచ్చి పదకొండు రోజులే అయింది. మెత్తటి మనిషి. టీ తెప్పించి, ఎదురుగా కూర్చుని, ఏం కష్టం వచ్చిందని తమిళంలో నెమ్మదిగా అడిగాడు. తనకే కష్టమూ లేదన్నాడు శివప్ప. అధికారి విచారంగా తల ఊపాడు. లోపల పెద్ద బాధ ఉన్నవాళ్లే ఆ మాట అంటారని ఆయనకు శిక్షణలో చెప్పారు.

అప్పటికి శివప్పకు తమిళం తిరిగొచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అయితే నిజం వినడానికి అంత బాగా లేదు. సీసాలో పెట్రోలు ఎందుకు పట్టావంటే, ఎంత కారుతుందో చూడటానికి అన్నాడు. ఒంటి మీద ఎందుకుందంటే, వేలు అడ్డం పెట్టానన్నాడు. అగ్గిపెట్టె ఎందుకంటే, అందులో సూది ఉందన్నాడు. తమిళ్‌సెల్వి అగ్గిపెట్టె తెరిచి చూశారు. నిజంగానే ఒక్క పుల్ల కూడా లేదు, ఇత్తడి మొనతో చిన్న సూది ఉంది. ఆమె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురులో చాలాసేపు చూశారు.

ఇంతలో తనుజను లోపలికి వదిలారు. ఆ పిల్ల ఏడుపు మింగుకుని, తమిళంలోకి ఇంగ్లీషు కలిపి, కార్బురేటరు మొదలు తీ దాకా అంతా వరసగా చెప్పింది. కాగితంలో తండ్రి పేరు శివమ్మ అని ఉండటం, బుధవారం సేలం వెళ్లాల్సి ఉండటం కూడా చెప్పింది. మూలన నిలబడ్డ గుమస్తా ఆ సర్టిఫికెట్ చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అధికారికి ఇప్పుడు కథ పూర్తిగా అర్థమైంది. రెండుసార్లు తిప్పించుకున్న కాగితం, కూతురి చదువు, నిస్సహాయుడైన తండ్రి. కార్బురేటరు సంగతి మాత్రం తండ్రిని కాపాడుకోవడానికి పిల్ల అల్లిందనుకున్నాడు.

తమిళ్‌సెల్వి అలా అనుకోలేదు, అలాగని దాన్ని కాదనలేదు కూడా. ఆమెకు కావాల్సింది రుజువు. రుజువు లేకపోతే కేసు రాయక తప్పదని ఆమె మర్యాదగానే చెప్పారు. బండి బయటే ఉంది కాబట్టి వెళ్లి చూద్దామన్నారు.

అలా ఆ ఆఫీసులో ఆ పూట అర్జీలు ఆగిపోయి పెట్రోలు లీకు మీద విచారణ మొదలైంది. ఆఫీసు డ్రైవరు సెల్వంకు పాత బండ్లు బాగా తెలుసని పిలిపించారు. సెల్వం గొంతుక్కూర్చుని ట్యాపు తిప్పాడు, సన్న గొట్టం కింద ఖాళీ గ్లాసు పెట్టాడు. అధికారి, ఎస్సై, గుమస్తా, తనుజ, తువ్వాలు కప్పుకున్న శివప్ప చుట్టూ నిలబడి గొట్టం కొస వైపు చూశారు.

పది నిమిషాలు గడిచాయి. గ్లాసు పొడిగా ఉంది.

శివప్ప బండిని కుదిపి చూడమన్నాడు. సెల్వం కుదిపాడు. స్టార్టు చేసి చూడమన్నాడు. స్టార్టు చేశాడు. బండి ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఒక్క తన్నుకే స్టార్టయి, మెత్తగా కొట్టుకుంటూ నిలబడింది. కార్బురేటరు చాలా చక్కగా ఉందని, ఇంత బాగా చూసుకున్న పాత బండి తానెక్కడా చూడలేదని సెల్వం మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. అతుకు చుట్టూ మొహం పౌడరు ఎందుకుందని అధికారి అడిగాడు.

అరగంట అయింది. నెల రోజులుగా ఆ బండి కారకుండా ఉండాలని కోరుకున్న శివప్ప, జీవితంలో మొదటిసారి అది కారాలని కోరుకున్నాడు. ఒక్క చుక్క చాలు. అతను ట్యాంకు మీద చేయి వేసి, ఎవరికీ వినపడకుండా తెలుగులో దాన్ని బతిమాలాడు. గ్లాసులో ఒక వేపాకు రాలింది.

అదే సమయానికి నాగవేణమ్మ బస్సు దిగింది. ఎవరి ఫోన్లోనో తీసిన వీడియో ఇండూరు చేరేసరికి రెండు బకెట్ల నీళ్లు కనిపించడం మానేసి, శివప్ప నిప్పంటించుకున్నాడన్న మాట మాత్రం మిగిలింది. ఆమెను నలుగురు ఆడవాళ్లు పట్టుకుని తీసుకొచ్చారు. గేటు లోపల మొగుడు రెండు కాళ్ల మీద నిలబడి టీ గ్లాసు పట్టుకుని ఉండటం చూసి ఆమె అక్కడే నేల మీద కూలబడింది. తరువాత లేచి, వచ్చి, అతని చేతులు, మెడ, చెవులు ఒక్కొక్కటిగా తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయని రూఢి చేసుకున్నాకే నోరు తెరిచింది. ఆ తిట్లు తెలుగులో ఉండటం వల్ల అక్కడున్న వాళ్లలో చాలామందికి అర్థం కాలేదు.

ఇంట్లో ఏమైనా కలతలు ఉన్నాయా అని అధికారి ఆమెను తమిళంలో అడిగాడు. ఆమె కోపంలో ఉంది, పైగా అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"ఉండాయి సార్. నెల దినాల్నించి ఈయప్ప సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. పొద్దున లేస్తే ఆ బండి కింద నేల చూసుకుంటా కూర్చుంటాడు. ఈపొద్దు ఏదో ఒకటి తేల్చుకొనే వస్తానని చెప్పి మరీ పోయినాడు."

తనుజ కళ్లు మూసుకుంది. అధికారి ఇంక ఆలస్యం చేయలేదు. అందరినీ లోపలికి తీసుకెళ్లి, తప్పు దిద్దిన సర్టిఫికెట్ అప్పటికప్పుడు తయారు చేయమన్నాడు. రెండు వారాలుగా పనిచేయని కంప్యూటరు నాలుగు నిమిషాల్లో పనిచేసింది. పక్కనే ఇంకో కాగితం కూడా తయారైంది. నిస్పృహతో వచ్చానని, అధికారులు ఓదార్చి కష్టం తీర్చారని, ఇకమీదట ఇలాంటి ఆలోచన చేయనని శివప్ప సంతకం పెట్టాలి. పెడితే కేసు ఉండదు.

శివప్ప దాన్ని తనుజతో చదివించుకుని విన్నాడు. కలం బల్ల మీద పెట్టేశాడు.

"నేను నిస్పృహ పడలేదు సార్. కారింది బండి, నేను కాదు."

అందరూ నచ్చజెప్పారు. నాగవేణమ్మ కూడా, ఏదో ఒకటి గీకి ఇంటికి రమ్మని చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. చేయనిది చేశానని రాసిస్తే రేపు ఇండూరులో గోడ ఎక్కి పనివాళ్ల మొహం చూడలేనన్నాడు. కేసు పెడితే పెట్టుకోండి, పిల్ల కాగితం మాత్రం ఇప్పించండి అన్నాడు. అధికారి నిట్టూర్చి, ముందు సర్టిఫికెట్ సంగతి చూద్దామని దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. పేరు, ఊరు, తేదీ ఒక్కొక్కటి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

ఆ సమయంలో కానిస్టేబులు పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒగరుస్తూ ఏదో చెప్పబోయాడు. తలుపు దగ్గరున్న తమిళ్‌సెల్వి వాడి మొహం చూశారు. వాడి బూటు తడిగా ఉంది. గాలిలో ఏ వాసన వచ్చిందో ఆమె ముక్కుకు తెలిసింది. ఆమె బల్ల వైపు తిరిగి చూశారు. అధికారి ఇంకా తండ్రి పేరు దగ్గరే ఉన్నాడు.

ఆమె కానిస్టేబులు భుజం మీద చేయి వేసి గుమ్మం అవతలికి జరిపారు.

"రెండు నిమిషాలు ఆగు" అన్నారు, చాలా మెల్లగా.

అధికారి చదవడం ముగించాడు. సంతకం పెట్టాడు. గుమస్తా ముద్ర వేశాడు. తనుజ సర్టిఫికెట్ అందుకుని ఫైల్లో పెట్టుకుని, ఫైలును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. అప్పుడు ఎస్సై కానిస్టేబులును లోపలికి పిలిచి, ఏమిటి సంగతని మామూలు గొంతుతో అడిగారు. మేస్త్రి బండి కింద పెట్రోలు మడుగు కట్టిందన్నాడు వాడు.

అందరూ మళ్లీ బయటికి నడిచారు. బండి ఉన్న చోట లేదు. కాపలాదారు ఇంకో బండికి దారి ఇవ్వడానికి దాన్ని పక్కకు లాగి, బద్ధకించి సైడ్ స్టాండు వేసి వదిలేశాడు. ఎడమవైపు వాలిన బండి సన్న గొట్టంలోంచి పెట్రోలు ధారగా కారుతోంది. సెల్వం దాన్ని ఎత్తి నిటారుగా నిలబెట్టాడు. ధార ఆగింది. మళ్లీ వాల్చాడు. ధార వచ్చింది. మూడోసారి కూడా చేసి చూసి, ట్యాపు కట్టేసి, స్క్రూడ్రైవరుతో గిన్నె విప్పి లోపలి సూది బయటికి తీశాడు. దాని మొన ఒక పక్క మాత్రమే అరిగి, గోటికి తగిలేంత గాడి పడి ఉంది. నిటారుగా ఉంటే మంచి పక్క ఆనుకుని మూస్తుంది. వాలితే అరిగిన పక్క వస్తుంది. బండి పక్కకు వాలి ఉన్నప్పుడే ఇది బయటపడుతుందని, నిలబెట్టి ఎన్ని గంటలు చూసినా తెలియదని సెల్వం చెప్పాడు.

శివప్ప ఆ సూదిని అరచేతిలో పెట్టుకుని చూశాడు. సర్టిఫికెట్ చేతికి వచ్చినప్పుడు రాని నీళ్లు ఇప్పుడు అతని కళ్లలోకి వచ్చాయి. తంగవేల్ బండిని నిటారుగా నిలబెట్టి చూసిన సంగతి, ఇంటి దగ్గర తాను రోజూ గోడ వారగా వాల్చి పెట్టే సంగతి అతనికి ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. తమిళ్‌సెల్వి చేతిలోని రిపోర్టు కాగితంలో ఒక మాట కొట్టేసి, వాహన లోపం అని రాశారు. ఖాళీ బకెట్లు మళ్లీ నింపించమని కానిస్టేబులుకు చెప్పారు.

అధికారి నేల మీది మడుగు వైపు చూశాడు. అది రెండు నిమిషాల్లో కారినంత చిన్నది కాదు. కానిస్టేబులు ఎప్పుడు వచ్చాడని ఎస్సైని అడిగాడు.

"ఇప్పుడే సార్" అన్నారామె.

ఆయన లోపలికి పోతూ క్యూ వైపు ఒకసారి చూశాడు. పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డవాళ్లు ఆయన వైపు చూశారు.

నాగవేణమ్మ మొగుడి చొక్కా కొస పిండి నీళ్లు కార్చింది. పెట్రోలు వాసన ఇంకా పోలేదు.

"నువ్వు కాల్చుకోలేదు, సరే. బస్సులో ఇండూరు నించి ఇక్కడి దాకా నేను ఏడ్చినానే, దాన్ని ఎవురు సరిచేస్తారు?"

శివప్ప చొక్కా కొస ఆమె చేతిలోంచి తీసుకుని తానే పిండుకున్నాడు. కొత్త సూది వేయించుకుని బండి తెస్తానని, ఆమెను తనుజతో కలిసి బస్సెక్కమని మాత్రం అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ముగ్గురూ కలిసి బండిని తోసుకుంటూ స్పేర్ పార్టుల కొట్టు వైపు నడిచారు.

సాయంత్రం ఆఫీసు మూసేముందు గుమస్తా రిజిస్టరు తెరిచి ఆ సోమవారం వివరాలు ఎక్కించాడు. వచ్చిన అర్జీలు నూట నలభై మూడు, అక్కడికక్కడే పరిష్కరించినవి ఒకటి.